ఆకు తిప్పి చూడండి



ఈ రోజు ఎర్రనల్లి గురించి మాట్లాడుకుందాం. టమాటా, వంగ, బెండ మడుల్లో దీన్ని మీరు చూసే ఉంటారు. ముందు ఆకు మీద తెల్లటి చుక్కలు వస్తాయి. తర్వాత ఆకు పసుపుబారి ఎండిపోతుంది. వెంటనే అంగడికి పోతాం. ఏదో ఒక మందు డబ్బా తెస్తాం. అప్పు పెరుగుతుంది. నల్లి మాత్రం పోదు.

ఎందుకు పోదు? ఆకు తిప్పి చూడండి. అడుగున సన్నని బూజు ఉంటుంది. అందులో ఎర్రటి చుక్కలు కదులుతుంటాయి. కనపడకపోతే ఆకును తెల్ల కాగితం మీద తట్టి చూడండి. అవే నల్లులు. పురుగుకు 6 కాళ్లు. పెరిగిన నల్లికి 8 కాళ్లు. ఇది సాలీడుకు చుట్టం. అందుకే చాలా పురుగుమందులు దీని మీద పని చెయ్యవు. పైగా నల్లిని తినే మంచి పురుగులు ఆ మందుకు చస్తాయి. అప్పుడు నల్లి ఇంకా పెరుగుతుంది.

నల్లికి ఎండ, పొడిగాలి ఇష్టం. మన బుక్కరాయసముద్రం వైపు వాన తక్కువ. అందుకే ఇక్కడ దీని బాధ ఎక్కువ.

మరి ఏం చెయ్యాలి? మన గట్టు మీద యాపచెట్టు ఉంది కదా! వేపనూనె పైన పడితే నల్లికి ఊపిరాడదు. వేప చేదుకు అది ఆకు రసం పీల్చడం, గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది.

ఇంకో సంగతి. మన వాములో థైమాల్ అనే ఘాటు సరుకు ఉంది. తేనెటీగలను పీడించే నల్లికి చాలా దేశాల్లో దాన్నే వాడతారు. కానీ ఇట్లాంటి వాసన నూనెలు ఎక్కువైతే ఆకు మాడుతుంది. అందుకని పైరుకు మనం వేపనే నమ్ముకుందాం.

అంగడిలో వేప మందు కొంటే డబ్బా మీద చదవండి. అజాడిరాక్టిన్ అని ఉంటుంది. అదే వేపలోని సత్తువ. పక్కన 1500 పీపీఎం అని ఉంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు కలపాలి. 16 లీటర్ల ట్యాంకుకు 80 మిల్లీలీటర్లు. 10000 అని ఉంటే మందు చిక్కన. ఇంకా తక్కువ చాలు. ఎంతో డబ్బా మీదే రాసి ఉంటుంది. గడువు తేదీ కూడా చూడండి.

కొనకుండా కూడా చేసుకోవచ్చు. అర కిలో వేపగింజల పప్పు దంచండి. గుడ్డలో మూట కట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిండి, వడగట్టండి. మొత్తం 10 లీటర్లు చేసి, 10 గ్రాముల సబ్బుపొడి కలపండి. తెలంగాణలోని పునుకుల గ్రామంలో పత్తి పురుగుల కోసం మహిళా సంఘం వాళ్లు ఇట్లాగే వేపగింజలు పొడి చేసినారు. ఊరికి మందుల ఖర్చు తగ్గింది. ఆడవాళ్లకు కూలి దొరికింది.

"ఒక్కసారి కొడితే పోతాదా?" అని అడుగుతారు. పోదు. గుడ్లు మిగులుతాయి. వారం తర్వాత మళ్లీ కొట్టాలి. సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. ఎండకు వేప సత్తువ పోతుంది. ముందు నాలుగు మొక్కల మీద కొట్టి చూడండి. గంధకం కొట్టిన చేనికి 15 రోజుల దాకా నూనె కొట్టొద్దు.

మందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా పెద్ద విషం. నిన్నటి దాకా బొమ్మ చూసి డబ్బా తెచ్చుకున్నాం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. చదివి తెచ్చుకుందాం.

రేపు పొద్దున మడికి పోయినప్పుడు పది ఆకులు తిప్పి చూడండి. నల్లి కొంచెంగా ఉన్నప్పుడే వేప పని చేస్తుంది.