చౌక విద్యుద్వాహనము కొనదగునా?



పెట్రోలు వెలకు వెరచి, బ్యాటరీతో నడచు ద్విచక్రవాహనములను కొనగోరువారు మన పల్లెలలో కలరు. ఇంటివారు మీ సలహా నడిగినపుడు బండి వెలనొక్కదానినే చూచి చెప్పరాదు.

మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును మించని బండికి రిజిస్ట్రేషనుగాని, నడుపువారికి లైసెన్సుగాని అక్కరలేదు. చౌకబండ్లలో పెక్కు ఈ తెగవే. ఒక్కరు చేనికి పోయివచ్చుటకు ఇట్టిది చాలును. ఇద్దరెక్కి, బస్తా వేసికొని, మిట్టలెక్కుటకు చాలదు. లైసెన్సు వలదు గదా యని పసివాండ్ర చేతికీయుట క్షేమము గాదు.

బండికి ప్రాణము బ్యాటరీ. 48 వోల్టుల, 24 ఆంపియర్-గంటల బ్యాటరీలో 1152 వాట్-గంటల విద్యుత్తు నిలుచును. అనగా ఒక యూనిటుకు కొంచెము పైన. కావున విద్యుత్తు ఖర్చు స్వల్పమే. అసలు ఖర్చు బ్యాటరీని మార్చుటలో నున్నది. సీసపు బ్యాటరీకి వెల తక్కువ, బరువు హెచ్చు, ఆయువు తక్కువ. లిథియము బ్యాటరీకి వెల హెచ్చు, బరువు తక్కువ, ఆయువు హెచ్చు.

కావున దుకాణదారుని ఇట్లడుగుడు: “క్రొత్త బ్యాటరీ వెల యెంత? పూచీ ఎన్నేండ్లు? దానిని కాగితముపై వ్రాసి యిత్తురా?” బండి వెలకు ఒక క్రొత్త బ్యాటరీ వెలను కలిపి, ఆ రెండు బ్యాటరీలు పనిచేయు ఏండ్లతో భాగించి, ఇపుడు పెట్రోలునకు ఏటేట అగుచున్న వ్యయముతో పోల్చిచూడుడు. నిత్యము తిరుగువానికి లాభము కనబడును. వారమునకొకసారి సంతకు పోవువానికి కనబడదు.

బాగుచేయు పనివాడు చేరువలో లేని బండి యెంత చౌకయైనను కొనకుడు. అప్పు తీరకమునుపే బ్యాటరీ చచ్చినచో బండి మూలబడును, వడ్డీ మాత్రము నడచుచుండును.