సంతకం తర్వాతి పని

మహిళలపై వివక్షను రూపుమాపే ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1979లో వచ్చింది. మన దేశం 1980లో సంతకం చేసి, 1993లో ఆమోదించింది. తీర్మానం రాసుకున్నంత మాత్రాన పొదుపు జమ కాదు కదా! ఇదీ అంతే.

పనిచేసే చోట వేధింపులపై అప్పటికి ప్రత్యేక చట్టమే లేదు. రాజస్థాన్‌లో బాల్యవివాహాన్ని ఆపబోయిన కార్యకర్తపై అత్యాచారం తర్వాత మహిళా సంఘాలు కోర్టుకెళ్లాయి. 1997లో విశాఖ తీర్పులో సుప్రీంకోర్టు ఆ ఒప్పందాన్ని కూడా ఆధారం చేసుకుంది. 2013లో చట్టం వచ్చింది.

పదిమంది కంటే తక్కువ ఉన్న చోట పనిచేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు కూడా జిల్లాలోని స్థానిక కమిటీకి 3 నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మరి మన జిల్లా కమిటీలో ఎవరున్నారో మనలో ఎందరికి తెలుసు? వచ్చే నెల గ్రామసంఘం మీటింగుల్లో ఇదే మొదటి ఎజెండా పెట్టుకుందాం.