నొప్పి ఆమెది, నిర్ణయం ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం గురించి మనం చాలాకాలంగా మాట్లాడుతున్నాం. రక్తహీనత గురించి, కాన్పుల గురించి, కుటుంబ నియంత్రణ పేరుతో స్త్రీల శరీరాల మీద జరిగే పెత్తనం గురించి మాట్లాడాం. ఈ రోజు బుద్ధిమాంద్యం ఉన్న స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడదలచుకున్నాను.

ముందు పేరు సంగతి. ఊళ్ళో వీళ్ళను 'మొద్దు' అనో, 'పిచ్చిది' అనో అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని మేధో వైకల్యంగా గుర్తించింది. ఇది మానసిక వ్యాధి కాదు. నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, రోజువారీ పనులు చూసుకోవడం చిన్నతనం నుంచీ కష్టంగా ఉండే స్థితి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇలాంటివారు సుమారు 15 లక్షలు. ఇంటికి వచ్చిన ఉద్యోగికి కూతురి సంగతి చెప్పడానికి తల్లిదండ్రులు జంకే సమాజంలో ఈ లెక్కను కనీస సంఖ్యగానే తీసుకోవాలి.

1994 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మహారాష్ట్రలోని శిరూరులో బుద్ధిమాంద్యం ఉన్న బాలికల కోసం ప్రభుత్వం నడిపే వసతి గృహం ఉండేది. అక్కడి బాలికలను పుణెలోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళి గర్భసంచులు తీసేశారు. బహిష్టు సమయంలో వాళ్ళు శుభ్రత పాటించలేరన్నది చెప్పిన కారణం. గర్భం వస్తే ఎలా అన్న భయం కూడా దాని వెనుక ఉంది. మహిళా సంఘాలు గొడవ చేశాక ఆపరేషన్లు ఆగాయి. కానీ ఆ తర్కాన్ని ఒకసారి పరిశీలించండి. గర్భసంచి తీసేస్తే బహిష్టు ఆగుతుంది, అత్యాచారం ఆగదు. పైగా అత్యాచారం జరిగినట్టు తెలియజేసే ఒక్క ఆనవాలూ లేకుండా పోతుంది. అంటే ఆ ఆపరేషను వల్ల రక్షణ దొరికేది ఆడపిల్లకు కాదు, నేరం చేసినవాడికి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. నోరున్న స్త్రీల గర్భసంచులనే ఇంత తేలికగా తీసేస్తున్న చోట, తన మాటకు విలువ లేని ఆడపిల్ల సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూద్దాం. రోగం లేని గర్భసంచిని తీయడానికి ముందుకొచ్చే వైద్యం, అదే పిల్లకు నిజంగా రోగం వచ్చినప్పుడు ఏం చేస్తోంది? మాటలు సరిగా రాని అమ్మాయి ఉన్నట్టుండి తల గోడకేసి కొట్టుకుంటోందనుకోండి. చెవిపోటు కావచ్చు, పంటి నొప్పి కావచ్చు, రోజుల తరబడి విరేచనం కాక కడుపునొప్పి కావచ్చు. 'వీళ్ళు ఇంతేనమ్మా' అని నిద్రమాత్ర రాసి పంపిస్తారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో థైరాయిడ్ లోపం ఎక్కువ. అది ముదిరి మనిషి మందకొడిగా మారితే, అదీ మాంద్యం కిందే జమ అవుతుంది. ఒంట్లో ఉన్న ప్రతి బాధనూ వైకల్యం ఖాతాలో వేసెయ్యడమే ఇక్కడ ప్రధానమైన వైద్య వైఫల్యం.

దీని ఫలితం ఏమిటో ఇంగ్లండులో లెక్కగట్టారు. నైరుతి ప్రాంతంలో మేధో వైకల్యం ఉన్న 247 మంది మరణాలను పరిశీలించి 2013లో నివేదిక వెలువరించారు. సాధారణ జనం కంటే పురుషులు 13 ఏళ్ళు, స్త్రీలు 20 ఏళ్ళు ముందుగా చనిపోతున్నారని తేలింది. మంచి వైద్యం అంది ఉంటే ఆపగలిగిన మరణాలు ఇందులో నూటికి 37. సాధారణ జనంలో అవి 13 మాత్రమే. మామూలుగా స్త్రీలు పురుషుల కంటే ఎక్కువకాలం బతుకుతారని మనకు తెలుసు. వీళ్ళలో మాత్రం స్త్రీలే ముందు పోతున్నారు. అందరికీ ఉచిత వైద్యం ఉన్న దేశంలోనే ఇలా ఉందంటే, ఆసుపత్రి గుమ్మం ఎక్కడమే కష్టమైన మన పల్లెల్లో ఎలా ఉంటుందో ఆలోచించండి.

చట్టం లేదా అంటే ఉంది. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. చండీగఢ్‌లో ప్రభుత్వ సంరక్షణలో ఉండగా అత్యాచారానికి గురై గర్భవతి అయిన యువతికి ఆమె ఇష్టం లేకుండా గర్భస్రావం చేయించాలన్న హైకోర్టు ఆదేశాన్ని 2009లో సుప్రీంకోర్టు ఆపేసింది. స్వల్ప బుద్ధిమాంద్యం ఉన్నంత మాత్రాన ఆమె సమ్మతి అక్కర్లేదనడానికి వీల్లేదని చెప్పింది. 2016 చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం, సంతానం కలగకుండా చేసే ఏ చికిత్సకైనా ఆ వ్యక్తి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలి. 25వ సెక్షన్ వైద్యంలో ప్రాధాన్యం ఇవ్వాలంటుంది. అయితే తీవ్ర వైకల్యం ఉన్న సందర్భాల్లో డాక్టరు అభిప్రాయంతో, సంరక్షకుల సమ్మతితో గర్భస్రావం చేయవచ్చన్న మినహాయింపు అదే చట్టంలో ఉంది. ఆ సందులోంచి ఏమేం దూరుతున్నాయో మనం కనిపెట్టి ఉండాలి.

ఇక్కడ తల్లుల గురించి ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ చేయించమని అడిగే తల్లిని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఇరవై ఏళ్ళ కూతురికి గుడ్డ మార్చేదీ, స్నానం చేయించేదీ, కూలికి పోతూ ఎవరి కాపలాలో వదలాలా అని కుమిలేదీ ఆమే. నేను పోయాక దీని గతేమిటన్న ప్రశ్న ఆమెను పడుకోనివ్వదు. ఈ చాకిరీనంతా ఒక్క స్త్రీ మీద వేసిన కుటుంబం, ప్రభుత్వం తప్పుకుని, కత్తి ఒక్కటే ఆమెకు దారిగా చూపిస్తున్నాయి. కూతురి హక్కు, తల్లి విశ్రాంతి ఒకదానికొకటి పోటీ కావు. రెండూ ఒకే పోరాటంలో భాగం.

అందుకే కొన్ని పనులు మీ ముందుంచుతున్నాను. ఇంగ్లండులో 2008-09 నుంచి వీళ్ళకు ఏటా పూర్తి ఆరోగ్య పరీక్ష చేసే పద్ధతి పెట్టారు. అడగలేని మనిషిని పిలిచి చూడటమే దాని సారం. మన దగ్గర 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం పరీక్షలు 18 ఏళ్ళతో ఆగిపోతాయి. ఆ తర్వాత కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాదికోసారి కన్ను, చెవి, పళ్ళు, థైరాయిడ్, రొమ్ము పరీక్షలు జరగాలని అడుగుదాం. చక్రాల కుర్చీకి ర్యాంపు ఎలాంటిదో, ఈమెకు కాస్త ఎక్కువ సమయం, చిన్న మాటలు, బొమ్మలు, క్యూలో నిలబెట్టకుండా ముందుగా చూడటం అలాంటివి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. బహిష్టు సమయంలో ఏం చేయాలో పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఓపికగా నేర్పితే చాలామంది నేర్చుకుంటారు. ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఆ శిక్షణ ఇప్పించాలి. వసతి గృహాల్లో జరిగే ప్రతి ఆపరేషనుకూ బయటివారి పరిశీలన ఉండాలి.

మీ గ్రామ సంఘం సమావేశానికి ఈ తల్లులనూ, వీలైతే కూతుళ్ళనూ పిలవండి. ఆమెకు మాటలు రాకపోవచ్చు. ఇష్టం, అయిష్టం, నొప్పి చెప్పుకునే పద్ధతి మాత్రం ఆమెకు ఉంది. దాన్ని అర్థం చేసుకోవడం మన పని. మన శరీరాల మీద మనదే హక్కు అని నినదించిన మనం, 'మన' అన్న మాటలో ఆమెను కూడా కలుపుకుంటేనే ఆ నినాదం పూర్తవుతుంది.