సాధనయు సాఫల్యమును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇస్లాము మతమున భక్తి, విధేయత, సాధన అను మూటిని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరినారు. కృషీవలులు వినుచున్న సభ గనుక ఒక పదముతో ఆరంభించెదను. మసీదునుండి దినమునకు ఐదు మారులు వినవచ్చు అజాలో నమాజునకు పిలిచిన పిమ్మట 'ఫలాహ్'నకు పిలుతురు. ఫలాహ్ అనగా సాఫల్యము. ఆ అరబ్బీ ధాతువునకే చీల్చుట, నేలను దున్నుట అను అర్థములును కలవు. అరబ్బు దేశములలో రైతును 'ఫల్లాహ్' అందురు. మన 'ఫలము'నకు దీనితో సంబంధము లేదు గాని, చెవికి మాత్రము చుట్టమువలె తోచును.

ఖురాను ఐదవ అధ్యాయము, 35వ వాక్యమున ఈ సాఫల్యమునకై విశ్వాసులకు మూడు పనులు విధింపబడినవి: దైవభీతి, దేవుని చేరు ఉపాయమును వెదకుట, ఆయన మార్గమున శ్రమించుట. ఆ ఉపాయము విధేయతయు సత్కర్మయునని పెక్కురు వ్యాఖ్యాతల అభిప్రాయము. దైవభీతికి అరబ్బీలో 'తఖ్వా' అని పేరు. భయమని అనువదింతుము గాని, దాని ధాతువునకు కాపాడుకొనుట అని అర్థము. ఖలీఫా ఉమరు ఒకప్పుడు తఖ్వా అననేమని ఉబయ్ ఇబ్న్ కాబును అడిగెననియు, ముండ్లదారిలో బట్టలు పైకెత్తి పట్టుకొని జాగ్రత్తగా నడచు మనుష్యుని ఉబయ్ ఆయనకు జ్ఞాపకము చేసెననియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఇక 'జిహాదు' అను మాట వినగానే కత్తియే స్ఫురించుట మనకు అలవాటైనది. యుద్ధము దాని అర్థములలో ఒకటి మాత్రమే, మూలార్థము శ్రమ. తన మనస్సుతో తాను చేయు పెనుగులాటను సూఫీలు 'ముజాహదా' అనిరి.

ఆ పెనుగులాట ఎట్టిదో ఇమాము గజాలీ జీవితమున స్పష్టముగా కనబడును. ఆయన 1058లో పారశీక దేశమున తూస్ నగరప్రాంతమున జన్మించెను. యౌవనమున గుర్గాన్‌లో చదువు ముగించి వచ్చుచుండగా దొంగలు సామగ్రినంతయు దోచుకొనిరట. తాను వ్రాసికొన్న పాఠముల కాగితములనైన ఇమ్మని ఆయన వెంటబడి వేడుకొనగా, కాగితములు పోయినంతనే పోవు చదువు నీ చదువెట్లగునని దొంగల నాయకుడు నవ్వెనట. కాగితములు తిరిగి ఇచ్చినాడు గాని, గజాలీ తరువాతి మూడేండ్లు వానిని కంఠస్థము చేయుటలో గడపెను. గ్రంథాలయ సభలో ఈ కథ చెప్పుటకు కొంత జంకితిని. కార్యదర్శిగారు క్షమింతురు గాక!

1091లో, ముప్పది మూడేండ్ల వయస్సున, బాగ్దాదు నిజామియా విద్యాపీఠమున ఆయన ప్రధానాచార్యుడయ్యెను. మున్నూరుమంది శిష్యులు. బోధించునది ధర్మశాస్త్రము, భక్తికి గాని విధేయతకు గాని బయటివారు లోపమెంచ వీలులేదు. అయినను ఈ బోధన దేవునికొరకా, కీర్తికొరకా అని తన్ను తాను ప్రశ్నించుకొనగా, కీర్తికొరకేయని తేలెను. ఉదయము విడిచిపోవ నిశ్చయించును. సాయంకాలమునకు మనస్సు వెనుకకు లాగును. 1095లో ఆరు మాసములిట్లు గడచినవి. తుదకు పాఠము చెప్పబోగా నాలుక కదలలేదు. అన్నము సహించలేదు. వైద్యులు ఆశ వదలుకొనిరి. ఇదంతయు ఆయనయే వ్రాసికొన్నాడు. తన లోపమునింత నిర్మొగమాటముగా చెప్పుకొన్న పండితులు అరుదు.

బిడ్డల పోషణకు చాలినంత ఉంచి, మిగిలిన ధనము పంచిపెట్టి వెడలెను. డమాస్కసులో పెద్దమసీదు మీనారెక్కి, తలుపు వేసికొని, పగలెల్ల ధ్యానమున నుండెను. జెరూసలేము, మక్కా, మదీనాలను దర్శించెను. అట్లని విధులను విడువలేదు. ఆయన మహాగ్రంథము 'ఇహ్యా'లోని నలుబది ప్రకరణములలో నమాజు, ఉపవాసము, దానము మొదలైనవానికే గాక, భోజనమునకును, జీవనోపాధికిని చోటు కలదు; అసూయ, క్రోధము, ప్రదర్శనబుద్ధి అను రోగములకు వేరుగా పది ప్రకరణములు. మీనారు ఎక్కినవాడు అంగడివాని త్రాసును మరువలేదన్న మాట. నాకు ఆయనయందు గౌరవము కలిగించునది ఇదియే.

సుమారు పదునొకండేండ్లకు, 1106లో, మరల నిషాపూరులో బోధనకు పూనుకొనెను. అదే పని, ఉద్దేశము వేరని ఆయనయే చెప్పుకొనెను. పిమ్మట స్వస్థలమైన తూస్ చేరి, ఇంటి ప్రక్కనే విద్యార్థులకొక పాఠశాల, సూఫీలకొక ఆశ్రమము నెలకొల్పి, 1111లో కన్నుమూయువరకు అచ్చటనే పాఠములు చెప్పుచుండెను.