దారి మీద మనకేం పని?
(స్త్రీల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విజయవాడ నుంచి ఇచ్ఛాపురం దాకా ఒంటరిగా సైకిల్ మీద వెళ్ళిన అనుభవం చెప్పమని నన్ను పిలిచారు. సాహసగాథ ఏదో వినబోతున్నామని మీరు అనుకుని ఉండవచ్చు. నేను మాత్రం ఆ యాత్రలో ఒక్కరోజు గురించే మాట్లాడతాను. టెక్కలి నుంచి ఉద్దానం మీదుగా పలాస చేరిన రోజది. ఆ రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా నన్ను వెంటాడింది ఒకే ప్రశ్న.

ఫిబ్రవరి నెల. తెల్లవారుజామున టెక్కలిలో టీ తాగుతుంటే కొట్టాయన "ఎవరి తాలూకమ్మా? ఎనకాల కారొస్తందా?" అని అడిగాడు. నౌపడా ఉప్పు మడుల దగ్గర ఉప్పు పోగుచేస్తున్న ఒకామె "ఏటమ్మా, వొక్కదానివే? మీ మగోళ్ళేరి?" అంది. ఊరికే చూడడానికి వచ్చానంటే ఎవరూ నమ్మలేదు. చివరికి విసిగి "సర్వేకి వచ్చాను" అన్నాను. అందరి ముఖాలూ తేటపడ్డాయి. సోషియాలజీలో డాక్టరేట్ చేసి, ఇరవై ఏళ్ళుగా స్త్రీల గురించి రాస్తున్నదాన్ని నేను కూడా దారి మీద ఉండటానికి ఒక పని చూపించుకోవాల్సి వచ్చింది. ఆ అబద్ధం నన్ను చాలా దూరం బాధపెట్టింది.

ఆ దారిలో స్త్రీలు లేరా అంటే, ఉన్నారు. మగవాళ్ళకంటే ముందే ఉన్నారు. టిఫిన్ క్యారియర్లు పట్టుకుని ఆటోలలో కిక్కిరిసి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్ళేవాళ్ళు, బిందెలతో నీళ్ళు మోసేవాళ్ళు కనిపించారు. జీడి పిక్కలు కొట్టి, పొట్టు తీసే పని ఎక్కువగా స్త్రీలదే. పిక్కల నూనెకు వేళ్ళు కాలి నల్లబడతాయి. నౌపడాకు దగ్గరలోనే కాకరాపల్లి. 2011 ఫిబ్రవరి 28న థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన జనం మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ ఉద్యమంలో రోడ్డు మీద ముందు నిలబడినదీ స్త్రీలే. వీళ్ళెవరినీ "వొక్కదానివేనా" అని ఎవరూ అడగరు. కూలి కోసమో, నీళ్ళ కోసమో, ఊరి కోసమో వచ్చారు కాబట్టి. మన సమాజం స్త్రీని దారి మీదికి రానిస్తుంది, కానీ ఎవరో ఒకరి పని మీద రానిస్తుంది.

2022 నవంబరులో భోపాల్ నుంచి బయలుదేరి దేశమంతా ఒంటరిగా సైకిల్ మీద తిరిగిన ఆశా మాలవీయ కూడా స్త్రీల భద్రత, సాధికారత అనే సందేశం వెంటబెట్టుకునే వెళ్ళారు. ఆమె చేసినది గొప్ప పని, సందేహం లేదు. కానీ మగవాడు సైకిలెక్కితే పురుషుల భద్రత గురించి సందేశం ఇవ్వాలని ఎవరైనా అనుకుంటారా?

మధ్యాహ్నం వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో ఆగాను. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫానుకు ఆ ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. నాకు మంచినీళ్ళిచ్చినామె ఇంటి వసారాలో ఆడపిల్లలు తొక్కే సైకిల్ ఒకటి ఉంది. ఆమె కూతురు బడిలో ఉన్నప్పుడు "బడికొస్తా" పథకం కింద వచ్చిందట. ఇప్పుడు దాని మీద కొడుకు కొబ్బరికాయలు వేసుకెళ్తున్నాడు. కూతురికి పెళ్ళయిపోయింది. సైకిల్ తనతో తీసుకెళ్ళలేదా అన్నాను. ఆమె నవ్వింది. "అత్తోరింటికి సైకిలట్టుకెల్తాదేటమ్మా?"

ఆ మాట దగ్గర మనం ఆగి ఆలోచించాలి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిల్ నేర్పింది. అక్కడ సైకిల్ వయోజన స్త్రీల చేతికి వచ్చింది. మన దగ్గర అది బడికి వెళ్ళే పిల్లకు వచ్చింది. బడి అనే పని అయిపోగానే దూరం వెళ్ళే హక్కూ అయిపోయింది.

సాయంత్రానికి పలాస చేరాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం. భర్తకు జబ్బయితే భార్య వెంట వెళ్తుంది. భార్యకే జబ్బయితే ఆమె వెంట ఎవరు వెళ్తున్నారన్నది మనం ఊరూరా అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

ఆ రాత్రి ఒక లాడ్జిలో గది అడిగాను. "ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వమండీ" అన్నాడు గుమాస్తా. రాజ్యాంగం 15(2) అధికరణ హోటళ్ళలో ప్రవేశానికి లింగ వివక్ష చూపకూడదంటుందని చెప్పాను. "అదంతా మాకు తెలీదండీ, రేపేదైనా అయితే గొడవ మాకే" అన్నాడు. ఫోన్లు చేస్తే తెలిసిన కార్యకర్త ఒకామె తన ఇంట్లో పడుకోమంది. నాకు పరిచయాలున్నాయి కాబట్టి సరిపోయింది. రాత్రి బస్సు తప్పిన జీడి కార్మికురాలికి, ఇల్లు విడిచి వచ్చిన స్త్రీకి ఏ పరిచయాలున్నాయి?

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కానీ బస్సు దిగాక మరుగుదొడ్డి, దీపం, గది లేకపోతే ఆ ప్రయాణం సగంలోనే ఆగిపోతుంది. మీ మీ పట్టణాల్లో లాడ్జిలకు ఇద్దరిద్దరుగా వెళ్ళి, ఒంటరి స్త్రీకి గది ఇస్తారా అని అడగండి. ఇవ్వమంటే రాతపూర్వకంగా ఇమ్మనండి. ఆ కాగితాలతో కలెక్టరు దగ్గరకు వెళ్దాం.

మర్నాడు కాశీబుగ్గలో పంక్చరు వేసిన కుర్రాడు "ఏం పని మీదెల్తన్నారమ్మా?" అని అడిగాడు. ఈసారి నిజం చెప్పాను. "పనేం లేదు బాబూ, ఊరికే వెళ్తున్నాను."