కరువు సీమలో వార్తాన్వేషణ



అనంతపురం సీమలో వాన ముఖం చాటేసిన సంవత్సరం సెప్టెంబరు నెలలో బాట వెంట పోయేవారికి ఒక వింత కనబడుతుంది. వేరుసెనగ చేలు పచ్చగానే ఉంటాయి. బండి దిగకుండా సాగిపోయే విలేఖరి పంట బాగున్నదని వ్రాసుకొంటాడు. బండి దిగి, రైతు అనుమతితో ఒక్క చెట్టును పెరికి చూచినవాడికి వేరొక సత్యం గోచరిస్తుంది. ఊడలు దిగే వేళకు నేలలో పదును లేదు. ఆకు నిలిచినది గాని కాయ పట్టలేదు. అయితే ఆ ఒక్క చెట్టును చూచి జిల్లా యావత్తూ నాశనమైనదని వ్రాయడం కూడ పొరపాటే. బోరు నీరందిన పక్క చేనిలో కాయ నిండుగా ఉండవచ్చును. ఈ రెండు పొరపాట్లకూ లోబడకుండా నిజాన్ని వెదకడం ఎట్లాగో, అందుకు సాధనాలేవో నేడు ముచ్చటించుకొందాము.

ఈ విద్య మనకు కొత్తది కాదు. 1876-78 నాటి మహాకరువులో అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం. వేరు జిల్లా అయినది 1882లో. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని, రోజుకొక పౌను ధాన్యమూ పైన కొద్ది డబ్బూ అనే లెక్కకు తగ్గించాడు. ఆ కూలితో మనిషి పనిచేసి బ్రతకలేడని శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించాడు. 'మద్రాస్ టైమ్స్' సంపాదకుడు విలియం డిగ్బీ 1878లో ప్రకటించిన తన రెండు సంపుటాల గ్రంథంలో ఈ ఇద్దరి వాదాలనూ, ప్రభుత్వంవారి నివేదికలనూ, అంకెలనూ చదువరి ముందు పెట్టాడు. దొరతనాన్ని విమర్శించడానికి దొరతనంవారి కాగితాలనే సాక్ష్యంగా వాడవచ్చునని ఆ గ్రంథం నేర్పుతున్నది.

మన ఊరి పత్రికలు సైతం గొప్ప ఆధారాలే. పప్పూరు రామాచార్యులుగారు 1926లో అనంతపురం నుండి 'శ్రీ సాధన పత్రిక'ను ఆరంభించారు. అటువంటి పాత సంచికలనూ, 1905లో ఫ్రాన్సిస్ దొర కూర్చిన జిల్లా గెజెటీరునూ పక్కపక్కన ఉంచుకొని చదివితే, నేటి కరువులో కొత్తదేదో, పాతదేదో తేలుతుంది. ఒకటి అధికారి కన్ను, ఒకటి ఊరి కన్ను. రెండూ కావలసినవే.

ఇక నేటి కాగితాలు. మొదటిది వర్షపాతం. ఈ సీమకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. కాని సగటు పైరును తడపదు. ఏ వారంలో ఎంత కురిసినదో, రెండు వానల నడుమ ఎన్ని దినాల ఎండ కాసినదో చూడవలె. వానను కొలిచే సాధనం మండల కేంద్రంలో ఉంటే, ఆమడ దూరాన ఉన్న చేను సంగతి దానికి తెలియకపోవచ్చును.

రెండవది అడంగలు. ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎన్ని ఎకరాలు అన్నది అందులో ఉంటుంది. దానిని ఫసలీ లెక్కన వ్రాస్తారు. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1434వ ఫసలీ 2024 జూలై 1న మొదలై 2025 జూన్ 30తో ముగిసినది. ఈ లెక్క తెలియక జూన్ చివర విత్తిన పైరును తప్పు సంవత్సరపు అడంగలులో వెదకి, కనబడలేదు గనుక మోసమని వ్రాస్తే, నేరం చేసినవాడు విలేఖరియే అవుతాడు.

కాగితం ఇవ్వమంటే పొమ్మన్నచోట 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. దరఖాస్తుకు ముప్పది దినాలలో బదులివ్వవలె. మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే నలుబది యెనిమిది గంటలలోనే. అయితే ఫలానివారి అవినీతిపై సమాచారం కావలెనంటే ఏమీ రాదు. ఫలాని గ్రామంలో, ఫలాని నెలలో, ఫలాని పని మస్టరు నకలు కావలెనని అడగవలె. ప్రశ్న ఎంత సన్నగా ఉంటే జవాబు అంత గట్టిగా ఉంటుంది.

ఆ మస్టరు చేతికి వచ్చిన తరువాత ఏమి చేయవలెనో ఈ జిల్లాయే చూపినది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైనది. ఆ చట్టం పనులను తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకే ఇచ్చినది. అదే ఏట అనంతపురం జిల్లాలో సామాజిక తనిఖీలు సాగినవి. కాగితంపై ఉన్న పేరును ఇంటింటికీ తీసుకొనిపోయి, పని చేసితిరా, కూలి అందినదా అని అడగడం, త్రవ్విన గుంటను కొలవడం, పదిమందిలో బయట పెట్టడం, ఆరోపణకు గురియైనవారి జవాబును అక్కడే వినడం దాని పద్ధతి. వార్తాన్వేషణకు ఇంతకంటె మంచి పాఠం లేదు.

అన్నిటికంటె బరువైనది రైతు మరణం. 2004 నాటి 421వ నంబరు ఉత్తర్వు ప్రకారం, ఆత్మహత్య చేసుకొన్న రైతు కుటుంబానికి సాయం అందవలెనంటే రెవిన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు విచారించి కారణం నిర్ణయించవలెనని ఏర్పాటైనది. పొలం కౌలుదైతే అడంగలులో ఆయన పేరే ఉండకపోవచ్చును. అప్పు వడ్డీవ్యాపారిదైతే బ్యాంకు పుస్తకంలో కనబడదు. ఇటువంటి చోట ఎవరో ఒక్కరు చెప్పిన మాట పట్టుకొని, తాగుడు వల్ల పోయినాడని విలేఖరి వ్రాస్తే, ఆ అచ్చుముక్కే ఆ ఇల్లాలికి అడ్డుగోడ కావచ్చును. విచారణ లేకుండా కరువు వల్లనే పోయినాడని వ్రాస్తే, రేపు నిజమైన దుఃఖాన్ని కూడ ఎవరూ నమ్మరు. కావున పోలీసు ప్రథమ నివేదిక, పంచనామా, విత్తనాల, ఎరువుల దుకాణం చీటీలు, భూమి యజమాని మాట, ఇరుగుపొరుగు మాట అన్నీ చూడవలె. ఆ ఇంటిలో మాత్రం గొంతు తగ్గించి, తక్కువగా అడగవలె. వారు వద్దన్న పేరు వ్రాయరాదు.

అచ్చుకు ముందు చివరి పని ఒకటి ఉన్నది. ఎవరిపై తప్పు మోపుతున్నామో వారికి మన వద్దనున్న ఆధారం చూపి, జవాబు చెప్పుకొనడానికి తగిన వ్యవధి ఇవ్వవలె. ఆ జవాబుతో మన కథ తారుమారైతే కానివ్వవలె. పొరపాటు జరిగితే, వార్త వేసినంత స్పష్టంగానే సవరణ వేయవలె.

మొదట మనము పెరికిన చెట్టును మరువరాదు. నిజం చూడడానికి మనకు అది అవసరమే. కాని అది రైతు చెట్టు. మళ్ళీ నాటితే బ్రతకదు. ఆయన మనకొరకు ఆ మేరకు నష్టపోయినాడు. ఆ నష్టానికి తగినంత నిజమైనా మనము వ్రాయవలె.