ఓడ ఒకటే, నాయకులు ముగ్గురు
(ముదినేపల్లిలో యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



కొల్లేటి పడవలను ఎరిగిన మీకు తెరచాప సంగతి మేము చెప్పనక్కరలేదు. గాలి పడిపోతే మనవారు గెడ వేసి పడవను నెడతారు. నడిసముద్రంలో గెడకు అడుగు అందదు. గాలి వచ్చేదాకా ఉన్నచోటనే ఉండాలి. అలా నిలిచిపోయిన ఒక ఓడ కథ మీకు చెప్పదలచాము.

ఆ ఓడ పేరు కట్టీ సార్క్. 1869లో స్కాట్లండులో కట్టారు. పొడవు 212 అడుగులు. చైనా తేయాకును త్వరగా లండను చేర్చే క్లిప్పర్ ఓడలలో పేరుమోసినది. అయితే ఆ ఏడే సూయజ్ కాలువ తెరిచారు. తేయాకు క్రమంగా పొగ ఓడలకు పోయింది. ఇది దొరికిన సరుకు మోయవలసివచ్చింది.

1880లో బొగ్గు నింపుకొని తూర్పు దేశాలకు బయలుదేరింది. కెప్టెన్ జేమ్స్ వాలేస్ నావికులకు ఇష్టుడు. అతని క్రింది అధికారి సిడ్నీ స్మిత్ కఠినుడు. దారిలో జాన్ ఫ్రాన్సిస్ అనే నల్లజాతి నావికునితో తగవు పడి, తలపై కొట్టాడు. ఆ దెబ్బతో ఫ్రాన్సిస్ చనిపోయాడు. జావా దగ్గర అంజేరు రేవులో వాలేస్ జాలిపడి స్మిత్‌ను చాటుగా మరొక ఓడ ఎక్కించాడు. సంగతి తెలిసి నావికులు పని మానివేశారు. మిగిలిన కొద్దిమందితోనే కెప్టెన్ ఓడను కదిలించాడు. జావా సముద్రంలో గాలి ఆగిపోయింది. మూడు దినాలు ఓడ కదలలేదు. చివరకు వాలేస్ సముద్రంలోకి దూకివేశాడు. శవం కూడ దొరకలేదు.

తరువాత వచ్చిన బ్రూస్ కాలంలో తిండి చాలక, ఎదురైన ఓడలను యాచించుకొంటూ 1882లో న్యూయార్కు చేరారు. అక్కడ అతనిని తొలగించారు. ఆ ఏడే స్మిత్ లండనులో దొరికి, ఏడేండ్ల శిక్ష పొందాడు.

మూడవవాడు మూర్. అతని చేతిలో ఓడ కుదుటపడింది. 1882-83లో అది మన తీరానికే వచ్చింది. భీమునిపట్నంలో, కాకినాడలో బెల్లము, కరక్కాయలు ఎక్కించుకొని లండను వెళ్ళింది. ఆ రోజుల్లో కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయేవి. దూరాన లంగరు వేస్తే సరుకు పడవల మీద వెళ్ళేది. ఆ బస్తాలు అందించిన మన కూలీలకు, రెండేండ్ల క్రితం ఆ ఓడలో ఏమి జరిగిందో ఎవరు చెప్పి ఉంటారు?

ఓడ అదే, కొయ్యలు అవే, చాపలు అవే. 1880లో గాలి నిలిచిపోకముందే ఓడలో నమ్మకం పోయింది. వాలేస్ దుర్మార్గుడు కాడు. దయగలవాడే. కాని ఆ దయ కొట్టినవాని మీద చూపాడు. చచ్చినవాని తోడివారిని మరచాడు. యోనా గాలివానలో తన సంగతి ఓడవారి యెదుట ఒప్పుకొన్నాడు, ఓడ బ్రతికింది. ఇక్కడ నిజం దాచారు, గాలివాన లేకుండానే ఓడ చెడింది.

మన సంఘాలలోను, ఇండ్లలోను "మనవాడే గదా" అని తప్పును కప్పిపుచ్చబోయినప్పుడు, దెబ్బతిన్నవాడు ఎవరి వాడని ముందు అడుగుదము. ఆ ఓడను ఇప్పటికీ లండనులోని గ్రీనిచ్‌లో భద్రపరచి ఉంచారు. చూడవచ్చినవారు దాని వేగాన్ని మెచ్చుకొంటారు. మనము ఫ్రాన్సిస్‌ను కూడ జ్ఞాపకముంచుకొందము.